‘అంట’ అని ఎవరన్నారు? హైస్కూలు పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించే పద్ధతి

ఒక ఏడాది డివిజన్ స్థాయి వక్తృత్వ పోటీకి మా తొమ్మిదో తరగతి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. అంశం చెట్ల పెంపకం. రెండు పేజీల ఇంగ్లీషు ఉపన్యాసం నేనే రాసిచ్చాను. ఆ పిల్ల పది రోజుల పాటు బడి గంట కొట్టకముందే వచ్చి, వేపచెట్టు కింద కూర్చుని వల్లెవేసింది. వేదికెక్కి ఒక్క అక్షరం తడబడకుండా అప్పజెప్పింది. చప్పట్లు మోగాయి. న్యాయనిర్ణేతల్లో ఒకరు, పిల్ల ముచ్చటగా అనిపించి కాబోలు, నవ్వుతూ అడిగారు: "హౌ మెనీ ట్రీస్ ఆర్ దేర్ ఇన్ యువర్ స్కూల్?" మా బడి ఆవరణలో ఏడు వేపచెట్లు, ఒక కానుగ చెట్టు ఉన్నాయి. ఆ పిల్లకి ప్రతి చెట్టూ తెలుసు. కానీ నోరు పెగల్లేదు. బిక్కమొహం వేసి నావైపు చూసింది. నేను రాసిచ్చిన కాగితంలో ఆ జవాబు లేదు మరి.

తిరుగు ప్రయాణంలో టంగుటూరు వచ్చేదాకా బస్సులో ఆ పిల్లా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. పది రోజులూ నా ఆలోచనని నా మాటల్లోనే ఆ పిల్ల నోట పలికించాను. సొంతంగా ఒక్క మాట అనాల్సిన అవసరమే ఎప్పుడూ కల్పించలేదు. ఆ సంగతి బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఇప్పటికి తొమ్మిదేళ్లు. నాది నెల్లూరు దగ్గర కోవూరు వైపు, వరిచేల మధ్య పెరిగినదాన్ని. ఉద్యోగం ప్రకాశం జిల్లాలో, కొండపి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్‌ని. మా పిల్లల్లో సగం పైగా పొగాకు రైతుల బిడ్డలు, ఆ చేలల్లో కూలికి పోయేవాళ్ల బిడ్డలు. ఇంటి దగ్గర ఇంగ్లీషు వినిపించదు. మీ బడీ ఇలాంటిదే అయితే, ఇక్కడ రాసింది రేపటి నుంచే వాడుకోవచ్చు.

శిక్షణ తరగతుల్లో విమర్శనాత్మక ఆలోచన అనగానే, ఆలోచనని తేలిక నుంచి కష్టానికి వరసపెట్టిన బ్లూమ్ గారి మెట్లు చూపిస్తారు. 1956 నాటివి, 2001లో సవరించినవి. మంచివే. కానీ 48 మంది పిల్లల ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ మెట్లు గుర్తురావు. నేను పట్టుకున్నవి మూడు ప్రశ్నలు: నువ్వు ఏమంటున్నావు? నీకెలా తెలుసు? అలా కాకపోయే వీలుందా? ఈ మూడూ వేస్తే చాలు, పిల్లలకి చెప్పాల్సిన మాట పుడుతుంది. చెప్పాల్సింది ఉన్న పిల్ల మాట కోసం తానే వెతుక్కుంటుంది. చెప్పాల్సింది లేని పిల్లకి ఎన్ని పదాలు నేర్పినా నోట్‌బుక్కులోనే ఉండిపోతాయి.

‘అంట’తో మొదలుపెట్టండి

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు ఎనిమిదో తరగతిలో తుఫాను గురించి ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఒక పిల్లాడు లేచి, "సీ కేమ్ టు సింగరాయకొండ, మేడం" అన్నాడు. క్లాసంతా తలూపింది. అదే మాట తెలుగులో చెప్పమన్నాను. "సముద్రం సింగరాయకొండ దాకా వచ్చిందంట మేడం."

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో వాడు ఎంతో నిజాయితీగా ఉన్నాడు. ‘వచ్చిందంట’ అన్నాడంటే, నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను అని ఒప్పుకుంటున్నట్టు. మన క్రియ చివర ఆ చిన్న ‘అంట’ అంత పని చేస్తుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది కాస్తా రాలిపోయింది, పుకారు వార్త అయి కూర్చుంది. ఇంగ్లీషులో ఆ సంగతి వాక్యం మొదట్లోనే చెప్పుకోవాలి: "ఐ హర్డ్ ద్యాట్..." అని.

బోర్డు మీద మూడు గళ్లు గీశాను. చూసింది, విన్నది, అనుకున్నది. వాటి కింద "ఐ సా", "ఐ హర్డ్", "ఐ థింక్". ఆ పిల్లాణ్ణి అడిగాను.

"అంట అని ఎవరన్నార్రా?"

"పక్కింటి మామ."

"ఆయనకెవరు చెప్పారు?"

"ఏమో మేడం, ఫోన్లో వచ్చిందంట."

ఇన్ని అంటలు దాటినా కళ్లతో చూసినవాడు దొరకలేదు. అప్పుడు చివరి బెంచీలోంచి, ఏడాదిలో నాలుగు మాటలు కూడా మాట్లాడని ఒక అమ్మాయి లేచింది. "మై అత్త హౌస్ ఈజ్ ఇన్ పాకల. షి సా. వాటర్ కేమ్ టు బోట్స్ ఓన్లీ." పాకల ఆ మండలంలోనే సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఆ మాటల్లో వ్యాకరణం కుంటుతూ ఉండొచ్చు, సాక్ష్యం మాత్రం నిటారుగా నిలబడింది. "నువ్వు చూశావా, ఆమె చెప్పిందా?" అని ఇంగ్లీషులో అడిగితే, "షి టోల్డ్ ఆన్ ఫోన్" అని, తన వాక్యాన్ని తానే ‘విన్నది’ గడిలో వేయించింది. చూసినవాళ్ల నోట విన్నదానికీ, వినీ వినీ వచ్చినదానికీ ఒకే గడి ఏంది మేడం అని ఇంకొకడు పేచీ పెట్టాడు. నాలుగో గడి గీశాం. అది పిల్లలు కనిపెట్టిన గడి.

మీరు చేయాల్సింది ఇంతే. ఈ గళ్లు చార్టు మీద రాసి గోడకి అంటించండి. రోజూ పీరియడ్ మొదటి 5 నిమిషాలు, నలుగురు పిల్లలు ఊరి సంగతి ఒక్కొక్కటి ఇంగ్లీషులో చెప్పాలి. ఏ గడిలోదో వాళ్లే తేల్చాలి. మిగతావాళ్లు "హౌ డు యు నో?" అని అడగొచ్చు. రెండు వారాలు గడిచేసరికి "ఐ హర్డ్ ద్యాట్", "మై మదర్ టోల్డ్ మీ ద్యాట్" అనేవి పిల్లల నోట ఊతపదాల్లా వస్తాయి. అవి వాక్యానికి పీఠం లాంటివి. పీఠం దొరికితే మిగతా మాటలు దాని మీద కూర్చుంటాయి.

‘ఎందుకంటే’ అనే వంతెన

తెలుగులో మనం సాధారణంగా కారణం ముందు చెప్పి, తేల్చేది చివర్లో తేలుస్తాం. "వాన పడింది కాబట్టి నాన్న చేనుకి పోలేదు." ఇంగ్లీషులో ఎక్కువగా తేల్చిన మాట ముందొస్తుంది, బికాజ్ వెనకొస్తుంది. పిల్లలు తెలుగు వరసలోనే ఇంగ్లీషు మాటలు పేర్చబోతారు. "రెయిన్ కేమ్ బికాజ్ ఫాదర్ నాట్ వెంట్" అంటారు. నాన్న పోకపోవడం వల్ల వాన పడినట్టయింది! వాళ్ల ఆలోచన సరిగ్గానే ఉంది, వరస తిరగబడింది.

దీనికి మందు మన దగ్గరే ఉంది. ‘ఎందుకంటే’ పెట్టి చెప్పించండి: "నాన్న చేనుకి పోలేదు, ఎందుకంటే వాన పడింది." ఇది ఇంగ్లీషు వరసే. ముందు తెలుగులో ఇలా తిప్పించి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి రమ్మంటాను. ‘కాబట్టి’కి సో, ‘ఎందుకంటే’కి బికాజ్. ఒకే సంగతిని రెండు రకాలుగానూ చెప్పించండి. అలా తిప్పేటప్పుడు ఏది కారణమో ఏది ఫలితమో పిల్లలు తూచక తప్పదు.

కొంచెం అలవాటయ్యాక రెండు వాక్యాలిచ్చి, ఏది దేనికి కారణమో తేల్చమంటాను. "ద బ్యారన్స్ ఆర్ రన్నింగ్. మెనీ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్." బ్యారన్లు, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే గదులు, కాలే రోజుల్లో ఇంటిల్లిపాదికీ పని ఉంటుంది గనక అది తేలిక. "హి బాట్ ఎ న్యూ పెన్. హి గాట్ గుడ్ మార్క్స్." ఇక్కడ క్లాసు రెండుగా చీలుతుంది. కొత్త పెన్ను వల్లే మార్కులు వచ్చాయని గట్టిగా నమ్మేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. "మై బ్రదర్ ఆల్సో బాట్ న్యూ పెన్, హి ఫెయిల్డ్" అని ఇంకొకడు అంటాడు. ఆ ఒక్క వాక్యం కోసం నేను పాఠం ఆపి ఎదురుచూస్తాను.

ప్రశ్న ఎంచుకోవడం

అసలు పనంతా ఇక్కడే. మొబైల్ ఫోన్ లాభాలు, నష్టాలు అని అడగకండి. దాని జవాబు గైడులో ఉంది, పిల్లల బుర్రలో లేదు. నేను ప్రశ్నని మూడు రకాలుగా చూసుకుంటాను. ఆ విషయం నాకంటే పిల్లలకి ఎక్కువ తెలిసి ఉండాలి. ఊళ్లో ఇద్దరు తెలివైన పెద్దవాళ్లు దాని మీద చెరో మాట అనేటట్టు ఉండాలి. ఏ పిల్ల ఇల్లూ బోనెక్కకూడదు.

ఈ మూడోది ఒక పిల్ల కన్నీళ్లు చూశాక నేర్చుకున్నాను. పొగాకు వేలాలు సాగుతున్న రోజుల్లో పదో తరగతికి వెళ్లబోయే పిల్లలకి "షుడ్ ఫార్మర్స్ స్టాప్ గ్రోయింగ్ టుబాకో?" అని ఇచ్చాను. మంచి ప్రశ్న అనుకున్నాను. ఒక పిల్లాడు ఉత్సాహంగా లేచి, "టుబాకో గివ్స్ క్యాన్సర్. సో టుబాకో ఫార్మర్స్ ఆర్ బ్యాడ్" అన్నాడు. ఒక అమ్మాయి బెంచీ మీద తల వాల్చేసింది. ముందురోజే వాళ్ల నాన్న బేళ్లు వేలం కేంద్రంలో నో బిడ్ అయి, అంటే ఎవరూ పాడక, వెనక్కొచ్చాయి. రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. పాఠం అక్కడే ఆపేశాను. మర్నాడు క్లాసు ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను, ఆ పిల్లాడి తప్పేమీ లేదనీ, ప్రశ్న వేసింది నేననీ చెప్పాను.

కానీ ఆ విషయాన్ని వదిలేయాలనిపించలేదు. మా పిల్లల బతుకులో అంతకంటే పెద్ద విషయం లేదు. వారం ఆగి ప్రశ్న మార్చాను: "ఎ ఫార్మర్ హ్యాజ్ ఫైవ్ ఏకర్స్, ఎ బ్యారన్ అండ్ ఎ లోన్. హి వాంట్స్ టు స్టాప్ టుబాకో. వాట్ షుడ్ హి ఫైండ్ అవుట్ ఫస్ట్?" ఈసారి తప్పొప్పుల తీర్పు అక్కర్లేదు, ఏమేం తెలుసుకోవాలో అడిగితే చాలు. పిల్లలు పోటీపడ్డారు. బ్యారన్‌ని ఏం చేయాలి? శనగ వేస్తే ఎంతొస్తుంది? జామాయిలు వేస్తే ఎన్నేళ్లకి చేతికొస్తుంది, అందాకా ఏం తినాలి? అప్పు ఎప్పటికి తీరుతుంది? అంతా ఇంగ్లీషులోనే, విరుగుతూ, అతుకుతూ. అప్పుడు ఆ అమ్మాయే చెయ్యెత్తింది. "హూ విల్ బై ద న్యూ క్రాప్? ఈజ్ దేర్ ఆక్షన్ ఫర్ దట్ ఆల్సో?" అంత మంచి ప్రశ్న నాకు తట్టలేదు.

అందుకే చెబుతున్నాను, ఔనా కాదా అని అడిగే ప్రశ్న కంటే ‘ముందుగా ఏం తెలుసుకోవాలి’ అని అడిగే ప్రశ్న ఎక్కువ మాట్లాడిస్తుంది. పైగా ఇంగ్లీషులో ప్రశ్నలు కట్టడం మన పిల్లలకి అన్నిటికంటే కష్టం. జవాబులు చెప్పించి చెప్పించి, వాళ్ల చేత ప్రశ్న అడిగించడం మనం మరిచిపోయాం.

పీరియడ్ నడిపే తీరు

ప్రశ్న వేశాక నోరు మూసుకుని ఉండడం నాకు అన్నిటికంటే కష్టమైంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్ని గమనించి చూస్తే, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. 3 సెకన్లకి పైగా ఆగినచోట జవాబులు పొడుగయ్యాయి, ఎక్కువమంది పిల్లలు నోరు విప్పారు. మన పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మోసుకురావాలి కదా, ఇంకొంచెం ఎక్కువ కావాలి. నేను హాజరు పట్టీ కింద చెయ్యి పెట్టుకుని అయిదు వేళ్లూ ఒక్కొక్కటే మడుస్తాను. అయిదోది మడిచేదాకా ఎవరి పేరూ పిలవను.

తర్వాత పక్కవాళ్లతో 2 నిమిషాలు మాట్లాడుకోమంటాను, తెలుగులోనే. ఆలోచించు, జోడీతో చెప్పు, అందరితో పంచుకో అనే ఈ వరస 1981లో ఫ్రాంక్ లైమన్ చెప్పినదే. ఇక్కడ తెలుగుని అడ్డుకోకండి. "ఏందిరా, ఎట్టా చెప్దాం?" అని వాళ్లు గుసగుసలాడేటప్పుడే ఆలోచన చిక్కబడుతుంది. మన పాఠ్యపుస్తకాల్లోనే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్నప్పుడు, నోటికి మాత్రం ఆ సాయం ఎందుకుండకూడదు?

పెద్ద క్లాసు అయితే నలుగురేసి కూర్చోబెట్టండి. ఒకరు చెబుతారు. ఒకరు "వై?" అనీ "హౌ డు యు నో?" అనీ అడుగుతారు. మూడో పిల్ల ఎన్ని కారణాలొచ్చాయో లెక్కపెడుతుంది. నాలుగో పిల్ల "సో యు మీన్..." అని మొదలుపెట్టి, విన్నదాన్ని తన మాటల్లో తిప్పి చెబుతుంది. ఈ నాలుగో పని బరువైంది. ఎదుటివాడు చెప్పింది సరిగ్గా వినకపోతే తిప్పి చెప్పలేరు. వారం వారం పనులు మార్చండి. లేకపోతే గట్టి గొంతున్న పిల్లాడే ఏడాదంతా చెప్పేవాడవుతాడు.

తప్పులు దిద్దడం గురించి ఒక్క మాట. మాట్లాడే పిల్లని మధ్యలో ఆపకండి. నేను చీటీ మీద రాసుకుంటాను, చివర్లో మూడే మూడు తప్పులు, పేరు చెప్పకుండా, బోర్డు మీద పెడతాను. అర్థం మార్చేసే తప్పులు ముందు. "హి సోల్డ్"కీ "హి విల్ సెల్"కీ తేడా దిద్దాలి, ఎందుకంటే ఆకు అమ్ముడైందా లేదా అన్నది దాని మీదే ఉంది. ఏ, యాన్, ద సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎదురు చెప్పడం

దీని గురించి ఏ శిక్షణలోనూ నాకు చెప్పలేదు. మన ఇళ్లల్లో ‘ఎందుకు’ అని అడిగితే ఎదురు చెప్పినట్టు. ఆడపిల్ల అడిగితే నోరెక్కువ. అలా పెరిగిన పిల్లని ఒక్కసారిగా లేచి టీచర్‌ని "హౌ డు యు నో?" అని అడగమంటే ఎలా అడుగుతుంది? మొదటి నెల నన్ను కాదు, ఒకరినొకరు అడగమన్నాను. రెండో నెల నా మాటలో ఒక తప్పు కావాలని పెట్టి, పట్టుకున్నవాళ్లకి చప్పట్లు కొట్టించాను. మర్యాద చెడకుండా కాదనే వాక్యాలు నేర్పాను: "మే ఐ ఆస్క్ వై, మేడం?", "ఐ సీ యువర్ పాయింట్, బట్...", "ఈజ్ దట్ ఆల్వేస్ ట్రూ?" మన తెలుగులో ‘మీరన్నది నిజమే గానీ’ అంటాం చూడండి, అలాంటివి.

తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి, "మేడం, మా అమ్మాయి ఇంటికాడ ప్రతిదానికీ ‘నీకెట్ట తెలుసు నాయనా’ అంటా ఉంది" అన్నాడు. ఫిర్యాదు అనుకున్నాను. "మొన్న బోరు వేసే ఆయన్ని కూడా అడిగింది, ఈడ నీళ్లు పడతాయని నీకెట్ట తెలుసని. ఆయన చెప్పలేకపోయాడు" అని కూర్చున్నాడు. ఆ బోరు వేయించారో లేదో నేను అడగలేదు.

ఇంకొకటి: మనసు మార్చుకున్న పిల్లకి క్లాసులో గౌరవం దక్కాలి. మొదట ఒక వైపు నిలబడి, వాదన విన్నాక గది అవతలి వైపుకి నడిచి వెళ్లి "ఐ చేంజ్డ్ మై మైండ్ బికాజ్..." అని కారణం చెబితే, మా దగ్గర అదే అన్నిటికంటే పెద్ద గెలుపు.

‘ఉండొచ్చు’కీ ‘అయి తీరాలి’కీ మధ్య

మే, మైట్, మస్ట్ అనేవాటిని వ్యాకరణం పీరియడ్‌లో ఖాళీలు పూరించడానికి వాడతాం. నిజానికి అవి నమ్మకాన్ని తూచే రాళ్లు. నేను ఇలా చెబుతాను. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువులు మందలు మందలుగా ఉన్నాయి. అక్కడ వాటిని ‘నెలోర్’ అంటారు. ఎందుకు?

పిల్లలు ఊహలు చేస్తారు. "దే మే హ్యావ్ గాన్ ఫ్రమ్ నెల్లూరు." "దే మైట్ హ్యావ్ మేడ్ ఎ మిస్టేక్." అప్పుడు ఒక ఆధారం ఇస్తాను: ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. ఒంగోలు కేంద్రంగా జిల్లా వచ్చింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. ఇంకొక ఆధారం: ఆ పశువులు బ్రెజిల్‌కి వెళ్లడం మొదలైంది 19వ శతాబ్దంలో. రెండూ విన్నాక మా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు బల్ల చరిచి, "దెన్ ఇట్ మస్ట్ బి ద డిస్ట్రిక్ట్ నేమ్!" అన్నాడు. మే నుంచి మస్ట్‌కి వాణ్ణి నడిపించింది ఆధారమే. నెల్లూరుదాన్ని గనక ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు లోపల ఒక చిన్న గర్వం కూడా.

మార్కుల సంగతి: పదో తరగతి పబ్లిక్‌లో ఇంగ్లీషుకి 100 మార్కులూ రాతకే. అందుకని ఈ పని సిలబస్‌కి అడ్డమని కొందరంటారు. నేను పాఠాల మీదే ఈ ప్రశ్నలు వేస్తాను, విడిగా పీరియడ్ తీసుకోను. ఒక నోట్‌బుక్కులో ప్రతి పిల్లకీ ఒక పేజీ. నెలకొకసారి నా ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసి, కారణం చెప్పిందా, ఆధారం చెప్పిందా, ఎదుటివాళ్ల మాట అందుకుందా అని మూడు టిక్కులు పెడతాను. జూన్‌లో రికార్డు చేసిన తన గొంతుని ఫిబ్రవరిలో వినిపిస్తే ఆ పిల్ల మొహం చూడాలి.

మొదటి వారాలకి మా బళ్లో బాగా నడిచిన ప్రశ్నలు కొన్ని ఇస్తున్నాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. ఇంటికి కుళాయి నీళ్లొస్తున్నా 20 లీటర్ల క్యాన్ ఎందుకు కొంటారు, ఆ క్యాన్ నీళ్లు మంచివని ఎలా తెలుసు? ట్రాక్టరు ఉన్న రైతు ఒంగోలు గిత్తల జతని ఎందుకు మేపుతాడు? సాయంత్రం బస్సు బడి దగ్గర ఆగాలా, ఊరి సెంటర్లో ఆగాలా, ఎవరికి ఎంత నడక తగ్గుతుంది? 1928లో మద్రాసులో ప్రకాశం పంతులు గారు చొక్కా విప్పి తుపాకీకి రొమ్ము చూపించినప్పుడు, తుపాకీ పట్టుకున్న ఆ సిపాయి మనసులో ఏముండి ఉంటుంది? ఈ చివరిది పదో తరగతికి ఉంచుకోండి. ఇద్దరేసి పిల్లల్ని నిలబెట్టి, ఒకరు పంతులు గారు, ఒకరు సిపాయి అనుకుని మాట్లాడమనండి. పంతులు గారిగా నిలబడడానికి అందరూ ఎగబడతారు. మీరు మాత్రం సిపాయి వేషం ఎవరు అడుగుతారో చూస్తూ ఉండండి. మా క్లాసులో దాన్ని అడిగి తీసుకుంది ఆ పాకల అత్త గారి మేనకోడలే. "ఐ యామ్ ఆల్సో ఫ్రమ్ దిస్ కంట్రీ, సర్. ప్లీజ్ గో బ్యాక్" అంది.